వెనక పేజీలు

సెప్టెంబరు 2, మంగళవారం

పెద్ద బీము పగలగొట్టాలట.

పోసి ఐదు రోజులైంది. నిన్న క్లయింటు తరఫు తనిఖీ ఇంజనీరు సెల్లార్లోకి దిగి, తలెత్తి చూసి, దీనికి నా సంతకం ఎక్కడుందని అడిగాడట. లేదు. కాంక్రీటు పోయకముందే లోపలి ఇనుము ఆయన చూడాలి, సంతకం పెట్టాలి, అది పడేదాకా పని ఆగాలి. పెద్దమేస్త్రి ఆపలేదు. కబురు పెట్టాడు, ఒకరోజు ఎదురుచూశాడు, ఆయన రాకపోతే పోసేశాడు. ఇప్పుడు లోపల ఇనుము సరిగ్గా కట్టారో లేదో తెలియాలంటే పగలగొట్టడం తప్ప దారి లేదు.

ముప్ఫై ఐదేళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

చీటీ ఇచ్చాను కదా. ప్రతి పనికీ ఇస్తూనే ఉన్నాను. నాలుగు వందల పేజీల కాంట్రాక్టు మేస్త్రీలు చదవరు, చదవాల్సిన అవసరమూ లేదు. వాళ్లకి కావలసింది ఒక్క కాగితం: ఎక్కడ ఆగాలి, ఎవరిని పిలవాలి, ఎన్ని రోజులు చూడాలి. హోల్డ్ పాయింట్ అని రాస్తే ఎవరికి ఉపయోగం? "ఆగాలి. సంతకం పడేదాకా, ఎన్ని రోజులైనా" అని రాస్తాను. విట్‌నెస్ పాయింట్ అయితే "పిలవాలి. ఒకరోజు చూసి, రాకపోతే కానివ్వొచ్చు" అని రాస్తాను. అన్నిటికన్నా పైన, ప్రతి చీటీలోనూ మొదటి వరుస ఒకటే: "రోజు అంటే సెలవు రోజు కూడా రోజే." ఆదివారాలు లెక్కలోకి రావనుకుని మునిగిపోయినవాళ్లని చూశాను.

మొదటి చీటీ నాచేత రాయించింది పెద్దమేస్త్రే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సైట్లో మొదటి వారం, డ్రాయింగు తలకిందులుగా పట్టుకుని అందరికీ పని చెబుతున్నాను. ఆయన దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా కాగితాన్ని తిప్పి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పండి ఇంజనీరమ్మా" అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది. ఈ ఇరవై ఏడేళ్లలో ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఆ సాయంత్రమే, ఎక్కడ ఆగాలో చిన్న కాగితం మీద రాసివ్వమన్నాడు, అదే మొదటి చీటీ.

అయినా అడిగి ఉండాల్సింది.

సెప్టెంబరు 3, బుధవారం

ఈసారి చీటీ నేను రాయలేదు. గుమాస్తా రాసింది.

గుమాస్తా అని పేరు పెట్టింది కూడా నేనే. మా ఆఫీసులో ఏప్రిల్లో కొన్న కృత్రిమ మేధ. కాంట్రాక్టు మొత్తం దానికి అప్పగిస్తే టీ చల్లారేలోపు సారాంశం తీసి ఇస్తుంది. మొదట్లో అందరికన్నా ఎక్కువ ముఖం చిట్లించింది నేను. తర్వాత అందరికన్నా ఎక్కువ మురిసిపోయిందీ నేనే. మేనేజరు గారు చూసి, మిగతావాళ్లకి మీరే పాఠం చెప్పండి అన్నారు. యాభై ఒకటో ఏట అలాంటి మాట వింటే ఎవరికైనా కాస్త ఒళ్లు పొంగుతుంది. స్లైడ్లు చేసుకోవడంలో పడి, చీటీ పని గుమాస్తాకి పెట్టాను.

శుభ్రంగా రాసింది. నాకన్నా చక్కగా రాసింది. కింద ఒక గడి ఉంటుంది: "మనిషి సరిచూశారా?" అవునని టిక్కు పెట్టాను.

చూశాను. పైపైన చూశాను. చూశాననే చెప్పాలి.

సెప్టెంబరు 4, గురువారం

311వ పేజీ.

కాంట్రాక్టు పుస్తకాన్ని ఎప్పుడూ వెనకనుంచి చదవాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకీ మొదట నేర్పేది ఇదే. ముందు పేజీల్లో అందరికీ వర్తించే మామూలు షరతులుంటాయి. వెనక పేజీల్లో ఈ ఒక్క పనికోసం మార్చిన ప్రత్యేక షరతులుంటాయి. రెండూ పొసగకపోతే వెనకదే చెల్లుతుంది. అందుకే నా పుస్తకాలన్నీ వెనక అట్ట దగ్గరే నలిగి ఉంటాయి. "అమ్మాయి వంట కూడా పెరుగన్నం నుంచే మొదలుపెడుతుందేమో" అని మా ఆయన మా పెళ్లయిన కొత్తలో ఆటపట్టించేవాడు.

96వ పేజీలో ఉంది: బీములన్నిటికీ తనిఖీవాళ్లని పిలవాలి, రాకపోతే కానివ్వొచ్చు. 311లో ఉంది: సెల్లారు మీది పెద్ద బీముకి మాత్రం ఆగాలి. గుమాస్తా 96 పట్టుకుంది.

ఈ పుస్తకం వెనక అట్ట నలగలేదు. కొత్తగా ఉంది.

ఎందుకిలా రాశావని గుమాస్తాని అడిగాను. మీరు చెప్పింది నిజమే, 311వ పేజీ ప్రకారం అక్కడ ఆగాలి, పొరపాటుకు క్షమించండి అంది. రెండు సెకన్లు కూడా పట్టలేదు దానికి.

సెప్టెంబరు 5, శుక్రవారం

విచారణ. కంటైనరు ఆఫీసులో పొడుగు బల్ల, ఒకవైపు తనిఖీ ఇంజనీరు, మా మేనేజరు గారు, నేను. ఎదురుగా పెద్దమేస్త్రి. కూర్చోమంటే కూర్చోలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆగాలని తెలియదా అని తనిఖీ ఇంజనీరు అడిగాడు. పెద్దమేస్త్రి తల తిప్పాడు. నావైపు చూశాడు. కోపంగా కాదు. తనవంతు అయ్యాక పక్కవాళ్లకి అందించినట్టు చూశాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం కొస కనబడుతోంది. నేను నా ముందున్న ఫైల్లో ఏదో వెతికాను. ఆ ఫైల్లో ఏమీ లేదు.

"తొందరపడ్డాను సార్. నా పొరపాటే" అన్నాడు.

మేనేజరు గారు ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. అది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

సెప్టెంబరు 8, సోమవారం

బ్రేకర్ మిషన్ మొదలైంది. ఆఫీసు కిటికీలు మూసినా బల్లమీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

సెప్టెంబరు 9, మంగళవారం

క్లయింటు నుంచి ఉత్తరం వచ్చింది, ఒక నకలు పెద్దమేస్త్రికి కూడా. ఫలానా మేస్త్రిని సైటు నుంచి తొలగించాలి, అతని పేరు తమ రికార్డులోకి ఎక్కుతుంది, ఇకమీదట తమ పనులు వేటిలోనూ అడుగుపెట్టకూడదు. ఈ ఊళ్లో సగం పనులు వాళ్లవే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మిగిలిన సగంలో ఎక్కడ వెతుక్కుంటాడు?

కంపెనీకి అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇలాంటి ఉత్తరాలకి జవాబు సంతకం కాంట్రాక్టు విభాగానిది, అంటే నాది.

మేనేజరు గారు, మనం ఏమీ రాయక్కర్లేదు, ఊరుకుంటే అదే అయిపోతుంది, ఆయనే ఒప్పుకున్నాడు కదా అన్నారు. తల ఊపాను. తల ఊపడం అంటే సరే అని కాదు. విన్నాను అని.

ఏడు రోజులున్నాయి. చాలా టైము.

సెప్టెంబరు 10, బుధవారం

బీము సగం విప్పారు. లోపలి ఇనుము బయటపడింది. తనిఖీ ఇంజనీరు టేపు పట్టుకుని రాడ్డు రాడ్డూ కొలిచాడు. దూరాలు సరిగ్గా ఉన్నాయి. కొక్కేలు సరిగ్గా ఉన్నాయి. ఒక్కచోట కూడా వేలు పెట్టి చూపించడానికి లేకపోయింది. ఆయనే టేపు చుట్టేసి, "పని మాత్రం బంగారం" అన్నాడట.

అయితే ఏం, సంతకం లేదు కదా. ఇనుము బాగుందని ఉత్తరం వెనక్కి పోదు.

సెప్టెంబరు 11, గురువారం

జవాబు రాయలేదు. తలనొప్పి.

సెప్టెంబరు 12, శుక్రవారం

పొద్దున పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన తిని, నీళ్లు తాగి, మళ్లీ తిని, ఏమైంది అన్నాడు. లైబ్రరీలో పనిచేసేవాళ్లకి గట్టిగా అడగడం రాదు, అందుకే తప్పించుకోవడం కష్టం. సంగతి చెప్పాను. గుమాస్తా చేసిన పొరపాటు గురించి చెప్పాను, 311వ పేజీ గురించి చెప్పాను, మేనేజరు గారి సంగతి చెప్పాను. ఇది కొత్త వస్తువు, అందరూ నేర్చుకుంటున్నారు, ఎక్కడైనా జరిగేదే అన్నాను.

అంతా విని, "మేస్త్రి గారు నిన్ను అడగలేదా?" అన్నాడు.

లేదన్నాను.

ఉప్పు ఎక్కువైన పప్పు మొత్తం తిన్నాడు పాపం.

సెప్టెంబరు 13, శనివారం

ఇవాళ సెలవు. కాబట్టి ఇది లెక్కలోకి రాదు. రేపూ రాదు. అలా చూసుకుంటే గురువారం దాకా ఉంది.

గుమాస్తాని కూడా అడిగాను. సాధారణంగా ఇలాంటి గడువుల్లో పనిదినాలే లెక్కిస్తారని, అయినా ఈ కాంట్రాక్టులో "రోజు" అనే మాటకి ఇచ్చిన అర్థం ఒకసారి చూసుకోమని చెప్పింది. పనిదినాలే అంది కదా. అది చాలు.

పుస్తకం ఇంట్లోనే, అలమరలోనే ఉంది. తీయలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

బట్టలు ఉతికాను. కర్టెన్లు కూడా. ఎప్పుడూ ఉతకని కుర్చీ గలీబులు కూడా.

సెప్టెంబరు 15, సోమవారం

రాసేస్తున్నాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకునేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అడిగాడు.

ఆగస్టు 27, బుధవారం మధ్యాహ్నం. కాన్ఫరెన్సు గదిలో పాఠం చెబుతున్నాను. కృత్రిమ మేధను అర్థం చేసుకోవడం, మొదటి బ్యాచి, ఇరవైమంది. యంత్రం చెప్పిందాన్ని మనిషి సరిచూడాలి అనే స్లైడు అప్పటికే అయిపోయింది. దానికి అందరూ తలలూపారు, నాకు బాగా గుర్తుంది. ఫోను మోగింది. పెద్దమేస్త్రి. కట్ చేశాను. మళ్లీ మోగింది. బయటికి వెళ్లి ఎత్తాను.

"చీటీలో పెద్ద బీముకి పిలవాలనే ఉందమ్మా. మనం చేసిన ప్రతి పనిలోనూ పెద్ద బీముకి ఆగాలనే ఉండేది. మీరే రాసిచ్చారా, చూసే రాశారా అని అడుగుదామని" అన్నాడు.

తలుపు అద్దంలోంచి ఇరవైమంది నావైపే చూస్తున్నారు. క్లాసులో ఉన్నాను మేస్త్రి గారూ, చీటీలో ఉన్నట్టు చెయ్యండి అన్నాను. ఆయన సరేనమ్మా అన్నాడు. ఫోను పెట్టేశాక మళ్లీ మెసేజి కూడా పెట్టాను, ఇంకోసారి ఫోను చెయ్యకుండా ఉండాలని: "చీటీలో ఉన్నట్టే చేయండి." అది ఇంకా నా ఫోనులో ఉంది. ఆయన ఫోనులోనూ ఉంటుంది.

అడగడానికి అర్ధనిమిషం పట్టింది ఆయనకి. నేను 311వ పేజీ తిప్పడానికి అంతకన్నా తక్కువ పట్టేది. తప్పు గుమాస్తాది అని పన్నెండు రోజులుగా రాసుకుంటున్నాను. గుమాస్తా ఎవరి ఫోనూ కట్ చెయ్యలేదు.

సిగ్గుగా ఉంది. మా ఆయనకి లేదని చెప్పిన మాట తలుచుకుంటే ఇంకా సిగ్గుగా ఉంది.

రేపు అభ్యంతరం రాసి ఇచ్చేస్తాను.

సెప్టెంబరు 16, మంగళవారం

అభ్యంతరం రాశాను. ఒకటిన్నర పేజీ. గుమాస్తాని ముట్టుకోలేదు. చీటీ తప్పు, చీటీ మీద టిక్కు నాది, మేస్త్రి అడిగినా సరిచూడకుండా కానివ్వమన్నది నేను, మెసేజి నకలు జతచేశాను. సంతకం పెట్టాను. కవరులో పెట్టాను. కవరు బ్యాగులో పెట్టాను.

క్లయింటు ఆఫీసు మా బిల్డింగుకి రెండు వీధుల అవతల. నాలుగు గంటలకి బయల్దేరాను. సందు మొదట్లో ఆగి, మేనేజరు గారికి చెప్పకుండా ఇస్తే బాగుండదేమో అనిపించింది. ఆయన ఇవాళ ఊళ్లో లేరు. ఫోనులో చెప్పే విషయం కాదు. గురువారం దాకా ఉంది కదా అనుకున్నాను.

అనుకోలేదు. అలా అనుకుంటున్నట్టు నడిచాను.

ఇంటికొచ్చి అలమరలోంచి పుస్తకం తీసి, రెండో పేజీలో "రోజు" అనే మాటకి అర్థం చూశాను. చూడకుండానే తెలుసు. చిన్నప్పటి ఎక్కంలా తెలుసు. ఇరవై ఏడేళ్లు ప్రతి చీటీలోనూ మొదటి వరుస అదే రాశాను. అప్పటికి ఐదున్నర. వాళ్ల ఆఫీసు ఐదుకి మూసేస్తారు.

సెప్టెంబరు 17, బుధవారం

పొద్దున తొమ్మిదికల్లా ఇచ్చాను. రసీదు మీద తేదీ ముద్ర కొట్టి ఇచ్చింది అక్కడి ఉద్యోగిని. పదిహేడు. ఆ ముద్రని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, ఇంకేమైనా కావాలా మేడమ్ అంది.

తర్వాత మేనేజరు గారికి చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా ఇదంతా" అన్నారు. ఆ మాట పెద్దమేస్త్రి అనాల్సింది, ఈయన అన్నారు.

సెప్టెంబరు 19, శుక్రవారం

"మీ అభ్యంతరం గడువు దాటి అందినందున పరిశీలించుటకు వీలుపడదు."

ఒక్క వాక్యం. ఇలాంటి వాక్యాలు నా చేత్తో ఎన్ని రాసుంటానో. ఎదుటివాళ్లు ఒక్కరోజు ఆలస్యంగా పంపిన ఉత్తరాలకి, చాలా సంతోషంగా రాసేదాన్ని. ఒక్క అక్షరం కూడా మార్చలేదు వాళ్లు.

సెప్టెంబరు 21, ఆదివారం

వెళ్లాను.

ఇల్లు నాకు తెలుసు, గృహప్రవేశానికి వెళ్లాం. వీధివైపు గోడకి ప్లాస్టరింగ్ చేస్తున్నాడు పెద్దమేస్త్రి. ఇన్నేళ్లూ ఊరందరి గోడలూ కట్టి తన గోడ వదిలేశాడట, ఇప్పుడు తీరిక దొరికింది అని వాళ్ల కోడలు నవ్వుతూ చెప్పింది. ఆమెకి ఏమీ తెలియదని అప్పుడే అర్థమైంది. ఇంట్లో చెప్పలేదు.

టీ ఇచ్చి ఆమె లోపలికి వెళ్లాక, మొత్తం చెప్పాను. చీటీ ఎవరు రాశారో, 311వ పేజీలో ఏముందో, అభ్యంతరం ఎప్పుడు రాశానో, ఎప్పుడు ఇచ్చానో. ఇంటినుంచి దార్లో మాటలన్నీ కూడబలుక్కుని వెళ్లాను, ఒక్కటీ ఆ వరుసలో రాలేదు. ఆయన చేతిలో తాపీ ఆపకుండా విన్నాడు. సిమెంటు ఆరిపోతుంది మరి.

"విచారణలో కాగితం ఎందుకు చూపించలేదు మేస్త్రి గారూ?" అని అడిగాను. "జేబులోనే ఉంది కదా. చూశాను."

తాపీ తొట్టిలో పెట్టి చేతులు కడుక్కున్నాడు. "నేను చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టుంటది. మీరు చెబితే సాక్ష్యమవుతది" అన్నాడు. "మీరు చెబుతారనుకున్నానమ్మా."

నన్ను తిడితే బాగుండేది. తిట్టమని కూడా అన్నాను, అంత తెలివితక్కువగా. చిన్నగా నవ్వి లోపలికెళ్లి, చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇక తనకి అవసరం లేదు, నా ఫైల్లో ఉంటే నాకే ఎప్పుడైనా పనికొస్తుందన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. వెతికాను, లేదు.

బస్సులో కూర్చున్నాక మడత విప్పాను. ముందువైపు గుమాస్తా రాసిన చక్కటి వరుసలు. మధ్యలో పెద్ద బీము: పిలవాలి. వెనక తిప్పాను.

వెనక పెన్సిలుతో గీతలు. సిమెంటు బస్తాలు దిగుతుంటే లెక్కకి గీస్తాడే, అలాంటివి. ఒక్కో గీత కింద చిన్న అంకె. పది, పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు. నేను రాస్తానని రోజుకొకటి గీసుకుంటూ కూర్చున్నాడు. ఏడు గీతలు. శనివారం ఉంది. ఆదివారమూ ఉంది.

దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపుల తర్వాత దిగి నడిచొచ్చాను. ఇంటికి రాగానే మా ఆయనతో, మేస్త్రి గారు అడిగారు, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. తెలుసు అన్నాడు.

సెప్టెంబరు 22, సోమవారం

పాఠం, రెండో బ్యాచి. మేనేజరు గారు వాయిదా వేద్దామా అన్నారు. వద్దన్నాను. స్లైడ్లు పెట్టలేదు. చీటీని బోర్డుకి అంటించాను, వెనకవైపు పైకి కనబడేలా.

ఏ కాగితమైనా వెనకనుంచి చదవాలి అని మొదలుపెట్టాను. వెనక వరుసలో ఎవరో, ఆ గీతలేమిటి మేడమ్ అని అడిగారు.

చెప్పాను.